నీళ్లకు ఓర్చే గడియారం

పుత్తూరు, నగరి పక్క మరమగ్గాల షెడ్డులో పనిచేసే మనిషి చేతి గడియారాన్ని నాలుగైదేళ్ల తర్వాత విప్పి చూస్తే వెనక మూత అంచున నల్లటి జిగురు కనిపిస్తుంది. చెమట, నూలు పొట్టు, ఒంటి మట్టి కలిసి గట్టిపడితే అలా అవుతుంది. మూత కింద ఉండాల్సిన సన్నటి రబ్బరు రింగు చదునైపోయి, గోరు తగిలితే తునిగేటట్టు ఉంటుంది. కీ లోపలికి పోయే గొట్టం చుట్టూ తుప్పు. ఆ మనిషి ఏ రోజూ సముద్రంలో మునిగి ఉండడు. అయినా ఆ గడియారాన్ని చంపింది తడే.

సముద్రం కంటికి కనపడని ఊళ్లో డైవ్ వాచీ ఎందుకని అడిగేవాళ్లకు ఆ నల్లటి జిగురే నా జవాబు. మునిగేవాళ్ల కోసం నీళ్లను బయటే ఆపడానికి చేసిన ఏర్పాట్లన్నీ చెమటనూ దుమ్మునూ కూడా ఆపుతాయి. అసలు ఈ గడియారం కథ మొదలయ్యేదే దుమ్ముతో.

జాన్ హార్వుడ్ ఇంగ్లండులో గడియారాలు బాగుచేసే పనివాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చాడు. తన దగ్గరికొచ్చే చేతి గడియారాలు చాలావరకు ఒకే దారిన పాడవుతున్నాయని గమనించాడు. రోజూ కీ ఇచ్చే బుడిపె పక్కన సందు ఉంటుంది. దుమ్మూ తడీ అక్కణ్ణించే లోపలికి పోతున్నాయి. ఆ సందు మూయాలంటే కీ ఉండకూడదు. కీ లేకపోతే లోపలి స్ప్రింగును చుట్టేదెవరు? చేతి కదలికే చుట్టాలి. 1923లో స్విట్జర్లాండులో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, మరుసటేడు అది చేతికొచ్చింది. ఆయన గడియారంలో ఒక బరువైన ముక్క చెయ్యి కదిలినప్పుడల్లా అటూ ఇటూ ఊగి, రెండు పక్కలా చిన్న స్ప్రింగులకు తగిలి వెనక్కి మళ్లేది. ముళ్లు సరిచేసుకోవాలంటే గాజు చుట్టూ ఉన్న రింగు తిప్పాలి. నిండా చుట్టుకుంటే పన్నెండు గంటలు నడిచేది. 1930ల మొదట్లో ఆర్థిక మాంద్యం దెబ్బకు ఆయన కంపెనీ మూతబడింది.

దానంతట అదే కీ ఇచ్చుకునే జేబు గడియారాలు 1770ల నుంచే ఉన్నాయి. అయితే జేబులో గడియారం కదిలేదెంత? మణికట్టు మీదికెక్కాకే ఆ ఆలోచనకు బలమొచ్చింది.

అదే సందును ఇంకో దారిలో మూసినవాళ్లు రోలెక్స్ వాళ్లు. 1926లో వాళ్లు తెచ్చిన ఆయిస్టర్ గడియారంలో కీని మర తిప్పి బిగించాలి, వెనక మూతకూ మరే. 1927 అక్టోబరులో మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఇంగ్లిష్ ఛానల్ చన్నీళ్లలో పది గంటలకు పైగా ఈదినప్పుడు ఆ గడియారం ఆమె మెడలో ఉంది. ఆమెను ఒడ్డు చేరకముందే పడవలోకి ఎక్కించాల్సి వచ్చింది గానీ గడియారం ఆగలేదు. కంపెనీ దాన్ని పత్రికల్లో పెద్దగా చాటుకుంది. చిక్కేమిటంటే, రోజూ కీ ఇవ్వాల్సిన గడియారానికి రోజూ మర విప్పాలి, మళ్లీ బిగించాలి. ఒక్క రోజు మరిచినా అన్ని జాగ్రత్తలూ వృథా. 1931లో అదే కంపెనీ ఒక ఇరుసు చుట్టూ పూర్తిగా తిరిగే బరువును, అంటే రోటర్‌ను, గడియారంలో పెట్టాక ఆ చిక్కు తీరింది. డైవ్ వాచీలో ఆటోమేటిక్ యంత్రానికి చోటు దొరికింది ఇందుకే. సోకు కోసం పెట్టింది కాదది, కీ జోలికి పోకుండా ఉండటానికి పెట్టింది.

1953లో బ్లాంక్‌పాన్ కంపెనీ అధిపతి జాన్ జాక్ ఫీష్టర్ ఇదే లెక్కతో ఫిఫ్టీ ఫాదమ్స్ అనే డైవ్ వాచీ తయారుచేయించాడు. ఆయనకు స్వయంగా నీళ్లలో మునగడం అలవాటు. ఒకసారి లోతులో టైము మరిచి, గాలి సిలిండరు ఖాళీ అయ్యేదాకా ఉండిపోయి, బతికి బయటపడ్డాడు. గాజు చుట్టూ తిరిగే రింగు ఆ అనుభవంలోంచి వచ్చింది. దాన్నే బెజెల్ అంటారు. నీళ్లలోకి దిగేటప్పుడు దాని మీది గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడితే, ఎన్ని నిమిషాలైందో తర్వాత చూపుతోనే తెలుస్తుంది. ఇప్పటి డైవ్ వాచీల్లో అది ఒకే వైపు తిరుగుతుంది. రాయి తగిలి జరిగినా, గడిచిన సమయాన్ని ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది తప్ప తక్కువ చూపించదు. పొరపాటు జరిగినా మనిషి ముందే పైకొస్తాడు. ఇంత చిన్న భాగంలో ఇంత ముందుచూపు పెట్టిన పనితనం నాకు ఎప్పుడు తలుచుకున్నా సంబరమే. ఇంట్లో ఇదే రింగు పొయ్యి మీది సంగటికీ, పుత్తూరు స్టేషన్లో రైలు రావడానికి మిగిలిన నిమిషాలకూ పనికొస్తుంది.

స్విస్ వాళ్ల చేతిలోనే ఉండిపోయి ఉంటే ఈ గడియారం మామూలు జీతగాడి మణికట్టు దాకా వచ్చేది కాదు. దాన్ని కిందికి దించినవాళ్లు జపాన్ వాళ్లు. సైకో కంపెనీ 1959లో మ్యాజిక్ లీవర్ అనే చిన్న అమరిక కనిపెట్టింది. రోటర్ ఎటు తిరిగినా స్ప్రింగు ఒకే వైపు చుట్టుకోవాలి. అంతకుముందు ఇందుకు చాలా చక్రాలు కావలసి వచ్చేది. సైకో ఏం చేసిందంటే, రోటర్ తిప్పే చక్రం మీద నడిమధ్యన కాకుండా కాస్త పక్కకు ఒక మేకు పెట్టి, దానికి రెండు చేతులున్న పల్చటి రేకు తగిలించింది. ఆ చేతుల కొనలు ఒక పళ్ల చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉంటాయి. మేకు ముందుకు పోయినప్పుడు ఒక చెయ్యి పంటిని నెడుతుంది, వెనక్కి వచ్చినప్పుడు రెండోది లాగుతుంది. ఎటు కదిలినా పళ్ల చక్రం ఒకే దిక్కుకు జరుగుతుంది. భాగాలు తక్కువ, అరుగుదల తక్కువ, ఖర్చూ తక్కువ. 1965లో సైకో 150 మీటర్ల లోతుకు తట్టుకునే తన మొదటి డైవ్ వాచీ తెచ్చింది. 1996లో వచ్చిన ఎస్‌కేఎక్స్ 007 ఈ వంశంలో బాగా పేరు తెచ్చుకున్నది. అందులోని 7ఎస్26 యంత్రానికి చేత్తో కీ ఇవ్వలేం, టైము సరిచేసేటప్పుడు సెకన్ల ముల్లు ఆగదు. అయినా మొండిది, ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటుంది.

మన దగ్గర కథ వేరుగా నడిచింది. హెచ్ఎంటీ 1961లో సిటిజన్ కంపెనీ సాంకేతిక సాయంతో బెంగళూరులో గడియారాలు మొదలుపెట్టింది, హైదరాబాదులో ఆల్విన్ సైకోతో చేతులు కలిపింది. పెళ్లిలో అల్లుడికి పెట్టే వాచీ ఈ రెండింట్లో ఒకటయ్యేది. ఆ తరం గడియారాల్లో చాలావాటిని కుళాయి కింద కూడా పెట్టకూడదు. తర్వాత తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే హోసూరులో టైటాన్ బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ గడియారాలు చేయడం మొదలుపెట్టాక కీ ఇచ్చే పనే జనం మరిచారు. 2016లో హెచ్ఎంటీ గడియారాల విభాగాన్ని మూసేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. యంత్రపు గడియారం విప్పి నూనె వేయగలిగిన చేతులు చిన్న ఊళ్లలో తగ్గిపోవడం ఈ మార్పుల ఫలితమే. కొనేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. మీకు అందుబాటులో ఉన్న మెకానిక్ విప్పి, తిరిగి బిగించగల యంత్రమేనా అని ముందే అడగాలి.

అలాంటి ఒక మెకానిక్ అంగట్లో ఈమధ్య ఒక కుర్రాడు గాజు లోపల ఆవిరి పట్టిన గడియారం తెచ్చాడు. పెద్దాయన కంటికి లెన్సు తగిలించుకుని, కీని వేలితో కదిపి చూసి అన్నాడు: “డేటు మార్చినాక మళ్లా బిగించల్యా సామీ. నీళ్లు ఈడనుంచే పోయిండాయి.”

“రెండు నూర్ల మీటర్లని రాసిండాది గదన్నా!”

“రాసింది బిగించినప్పటి మాట.”

డైవ్ వాచీ శాస్త్రంలో సగం ఆ ఒక్క మాటలో ఉంది. మిగతా సగం ఒత్తిడి లెక్క. పది మీటర్ల లోతుకు దాదాపు ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది. 200 మీటర్ల దగ్గర, 30 మిల్లీమీటర్ల వెడల్పున్న గాజు మీద పడే బరువు సుమారు 144 కిలోలు. డైవ్ వాచీల కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 6425 ప్రకారం చెప్పిన లోతుకు ఇంకో పాతిక శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్ష చేయాలి. మామూలు నీటి నిరోధక గడియారాల్లో కొన్నింటిని ఏరి పరీక్షిస్తే చాలు, డైవ్ వాచీకి మాత్రం ప్రతి ఒక్కదానికీ ఒత్తిడి పరీక్ష జరగాలి. దీన్ని పాటించిన గడియారం డయలు మీద ‘డైవర్స్’ అనే మాట లోతుతో కలిపి ఉంటుంది. ఒట్టి ‘వాటర్ రెసిస్ట్’ అని ఉంటే అది ఈ ప్రమాణానికి చేసింది కాదు.

కైలాసకోన జలపాతం కింద నిలబడితే గడియారం తట్టుకుంటుందా అన్నది మన పక్క కుర్రాళ్లు అడిగే ప్రశ్న. నీళ్లు వంద అడుగుల పైనుంచి, మధ్యలో గాలికి చెదరకుండా, ధారగా నేరుగా గాజు మీదే పడ్డాయనుకుందాం. ఆ దెబ్బ ఒత్తిడి ఎక్కువలో ఎక్కువ 30 మీటర్ల లోతులో ఉండే ఒత్తిడికి సమానం. నిజంగా పడే నీళ్లు చెదిరిపోతాయి కాబట్టి అంత కూడా ఉండదు. ఈతలో చేతి విసురుకు ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుందన్న మాటా అంతే. సెకనుకు పది మీటర్ల వేగంతో చెయ్యి విసిరినా అదనంగా చేరేది ఐదు మీటర్ల లోతుపాటి ఒత్తిడే. ఈ లెక్కన 100 మీటర్ల గడియారం కూడా మనకు ఎక్కువే.

అసలు పరీక్ష వేసవిలో. మే నెల మధ్యాహ్నం బండి మీద వచ్చిన చేతి గడియారం బాగా కాలి ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి చల్లబడి, అందులో ఏ కొంచెం తేమ ఉన్నా గాజుకు మంచులా పడుతుంది. ప్రమాణంలో సరిగ్గా ఇలాంటి పరీక్షే ఉంది. గడియారాన్ని 40 నుంచి 45 డిగ్రీల దాకా వేడి చేసి, గాజు మీద చల్లటి నీటి బొట్టు ఒక నిమిషం ఉంచి, తుడిచి చూస్తారు. లోపల ఆవిరి కనిపిస్తే గడియారం తప్పినట్టే. రాయలసీమ ఎండల్ని దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధన లాగే అనిపిస్తుంది నాకు.

ఇక కొనే సంగతి. ఇప్పటి సైకో 5 స్పోర్ట్స్ చూడ్డానికి డైవ్ వాచీలా ఉంటుంది, తిరిగే రింగూ ఉంటుంది, కానీ దాని కీకి మర లేదు, 100 మీటర్లే. అందులోని 4ఆర్36 యంత్రం మాత్రం మంచిది, చేత్తో కీ ఇవ్వొచ్చు, సెకన్ల ముల్లు ఆగుతుంది. ఓరియెంట్ మాకో, కమాసు గడియారాలకు మర కీ, 200 మీటర్లు, చేత్తో కీ ఇచ్చే వీలు అన్నీ ఉన్నాయి, డయలు మీద ‘డైవర్స్’ ముద్ర లేదు. సిటిజన్ ప్రోమాస్టర్ ఎన్‌వై0040కి ఆ ముద్ర ఉంది, కీ ఎనిమిది అంకె దగ్గర ఉండి మణికట్టు వంచినప్పుడు గుచ్చుకోదు. దాని రోటర్ ఒక వైపు తిరిగినప్పుడే స్ప్రింగును చుట్టి, రెండో వైపు ఖాళీగా తిరుగుతుంది. మగ్గం మీదో పొలంలోనో చేతులు ఆడుతుండేవాళ్లకు ఇది లోటు కాదు. రోజంతా బల్ల ముందు కూర్చునే గుమాస్తా అయితే ఓరియెంటే నా సలహా. ఒంట్లో చక్కెర ఉండి చెమట ఎక్కువ పట్టే మా నాన్న వయసువాళ్లకు సిటిజన్ చెబుతాను, తోలు బెల్టు వద్దని చెప్పి రబ్బరు పట్టీ వేయిస్తాను.

టైము విషయంలో ఆశ తగ్గించుకోవాలి. ఈ యంత్రాల్లో బ్యాలెన్స్ చక్రం గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది. 4ఆర్36కి సైకో ఒప్పుకునే తేడా రోజుకు 35 సెకన్లు వెనక్కి, 45 సెకన్లు ముందుకు. మామూలుగా అంత పోదు. ఉన్నట్టుండి గడియారం రోజుకు కొన్ని నిమిషాలు ముందుకు పరిగెత్తితే, స్పీకరో సెల్‌ఫోను కవర్లోని అయస్కాంతమో బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే హెయిర్‌స్ప్రింగును పట్టిందన్న అనుమానం రావాలి. మెకానిక్ దగ్గర అయస్కాంతం తీసేసే చిన్న పెట్టె ఉంటే అర నిమిషంలో బాగవుతుంది.

తక్కువకొస్తుందని పాత సైకో 5ల వెంట పడొద్దు. మార్కెట్లో తిరిగేవాటిలో చాలావాటికి డయలు కొత్త రంగు వేసి, ఎక్కడెక్కడి భాగాలో కలిపి పెట్టి ఉంటారు. అవి నీళ్లకు ఆగవు. కొత్తది కొన్నా రెండు మూడేళ్లకొకసారి వెనక మూత విప్పించి రబ్బరు రింగులు మార్పించి, సిలికాన్ గ్రీజు పూయించాలి. ఐదేళ్లకొకసారి యంత్రం కడిగించి నూనె వేయించాలి. మూత విప్పిన ప్రతిసారీ ఒత్తిడి పరీక్ష జరగాలి. ఆ పరీక్ష చేసే యంత్రం లేని అంగడి అయితే, తిరుపతిలోనో చెన్నైలోనో ఉన్నచోట చేయించేదాకా గడియారాన్ని కైలాసకోనకు తీసుకుపోవద్దు.