మీకు తెలుసా? బూటుకో క్లీట్
సైకిల్ తొక్కేవారి బూటు అడుగున బోల్టులతో బిగించే చిన్న పలకను క్లీట్ అంటారు. దాన్ని గట్టిగా పట్టుకుని, మడమను పక్కకు తిప్పగానే వదిలే క్లిప్‌లెస్ పెడళ్లను ఫ్రాన్స్‌కు చెందిన లుక్ సంస్థ 1984లో తేగా, మరుసటి ఏడాదే బెర్నార్ ఇనో వాటితో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. కూకట్‌పల్లి నుంచి సిగ్నల్ సిగ్నల్‌కూ కాలు దించుతూ హైటెక్ సిటీ చేరేవారికి, బూటు గాడిలో ఒదిగిపోయే రెండు బోల్టుల ఉక్కు క్లీటే మేలు. మూడు బోల్టుల ప్లాస్టిక్ క్లీట్ నడకకు త్వరగా అరిగిపోతుంది గనుక, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వంటి చోటే దాని సుఖం తెలుస్తుంది. షిమానో సంస్థ మూడు బోల్టుల రకంలో పాదం కదిలే వీలును రంగే చెబుతుంది: ఎరుపుకు సున్నా, నీలానికి 2, పసుపుకు 6 డిగ్రీలు, కొత్తవారికి పసుపే క్షేమం. బోల్టులకు గ్రీజు రాయకపోతే వానాకాలంలో తుప్పుపట్టి ఊడిరావు. మార్చేముందు పాత క్లీట్ చుట్టూ గీత గీసుకుంటే కొత్తది అదే చోట కూర్చుంటుంది.