స్వేచ్ఛా తెలుగు ఫాంట్లు: విడుదలతో పాటు నిర్వహణా ముఖ్యమే

హైదరాబాద్: ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటరుపై తయారైన తెలుగు ప్రకటన పత్రికా కార్యాలయానికి, అక్కడి నుంచి పాఠకుని సెల్‌ఫోనుకు చేరేలోగా పలు రకాల యంత్రాలను, సాఫ్ట్‌వేర్లను దాటవలసి ఉంటుంది. ఈ ప్రయాణంలో ఒక్క ఒత్తు కూడా జారిపోకుండా, ఒక్క గుణింతం కూడా చెదరకుండా కాపాడే ప్రధాన సాధనం ఫాంటు. ఎవరైనా ఉచితంగా వినియోగించుకుని, అవసరం మేరకు మార్చుకుని, ఇతరులతో పంచుకోగల స్వేచ్ఛా ఫాంట్లు నేడు తెలుగులో అనేకం లభిస్తున్నాయి. అయితే ఫాంటు విడుదలైనంత మాత్రాన పని పూర్తి కాదు. దానిని అన్ని వేదికలపై సక్రమంగా పనిచేసే స్థితిలో నిలిపి ఉంచడం నిరంతరం సాగవలసిన బాధ్యత.

నేపథ్యం

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అప్పటికి రాష్ట్రంలోని డీటీపీ కేంద్రాల్లో, పత్రికల్లో తెలుగు అక్షరాలను రోమన్ అక్షరాల స్థానాల్లో అమర్చిన ఫాంట్లే వాడుకలో ఉన్నాయి. ‘అను’ వంటి ఫాంట్లతో కూర్చిన పాఠాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంకాని రోమన్ గుర్తులు కనిపించేవి. ఒక సంస్థ ఫాంటుతో తయారైన పాఠం మరో సంస్థ ఫాంటులో తెరుచుకునేది కాదు. పాత దస్త్రాలలోని సమాచారాన్ని వెతికి తీయడం నేటికీ కష్టసాధ్యం కావడానికి ఇదే కారణం.

ప్రతి అక్షరానికి ప్రపంచమంతటా ఒకే సంఖ్యను కేటాయించే యూనికోడ్ ప్రమాణం ఈ చిక్కును తొలగించింది. ఇందులో తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ‘గౌతమి’ ఫాంటు చేరింది. డాక్టర్ తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ ఫాంట్లు తొలితరం వినియోగదారులకు ఎంతగానో ఉపకరించాయి. రెడ్‌హ్యాట్ సంస్థ 2004లో ‘లోహిత్’ ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. అమెరికాలోని ప్రవాసాంధ్రుల సంస్థ సిలికానాంధ్ర 2010 దశకం తొలినాళ్లలో మండలి, రామభద్ర, గురజాడ, గిడుగు, పెద్దన, సూరన్న, ధూర్జటి, సురవరం తదితర పేర్లతో పలు ఫాంట్లను అందుబాటులోకి తెచ్చింది. వీటిలో అనేకం గూగుల్ ఫాంట్స్ సంచయంలో లభిస్తున్నాయి. 1975లో హైదరాబాద్‌లో జరిగిన తొలి ప్రపంచ తెలుగు మహాసభల నిర్వహణలో కీలకపాత్ర వహించిన మండలి వెంకట కృష్ణారావు, గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి పేర్లు ఈ విధంగా కంప్యూటరు తెరపైకి చేరాయి.

లైసెన్సు ఇచ్చే హక్కులు

సిలికానాంధ్ర ఫాంట్లు ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదలయ్యాయి. ఈ లైసెన్సు ప్రకారం ఫాంటును వ్యాపార అవసరాలకు సైతం రుసుము లేకుండా వాడుకోవచ్చు. సాఫ్ట్‌వేరుతో కలిపి పంపిణీ చేయవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా విక్రయించరాదు. మార్పులు చేసిన వారు తమ ఫాంటును తిరిగి అదే లైసెన్సు కింద విడుదల చేయాలి. మూలకర్త తన ఫాంటు పేరును ప్రత్యేకించుకున్న పక్షంలో, మార్చిన ప్రతికి వేరొక పేరు పెట్టాలి. పలు తెలుగు ఫాంట్లలోని రోమన్ అక్షరాలు ఇతర స్వేచ్ఛా ఫాంట్ల నుంచి స్వీకరించినవే కావడం ఈ విధానం సాధించిన ప్రయోజనానికి నిదర్శనం.

ఒకే ఫాంటు, భిన్న రూపాలు

తెలుగులో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి చేరడంతో సరిపోదు. ‘రాష్ట్రం’ అనే పదంలో ష కింద ట, ర ఒత్తులు రెండూ సరైన స్థానంలో కుదురుకోవాలి. ఏ అక్షరం ఏ రూపం దాల్చాలన్న నియమాలు ఫాంటులో ఉంటాయి. వాటిని చదివి తెరపై అమలు చేసేది వేరొక సాఫ్ట్‌వేర్. ఈ పనికి విండోస్‌లో డైరెక్ట్‌రైట్, యాపిల్ పరికరాల్లో కోర్‌టెక్స్ట్, ఆండ్రాయిడ్‌లో హార్ఫ్‌బజ్ ఉన్నాయి. ఒకచోట చక్కగా కనిపించిన పదం మరోచోట విడిపోవడానికి ఈ భేదమే తరచు కారణమవుతుంది.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో తలెత్తిన సమస్య ఇందుకు ఉదాహరణ. ‘జ్ఞా’ అక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక విభజన సంకేతం చేరిన సందేశాన్ని అందుకున్నప్పుడు ఆ ఫోన్లలోని యాప్‌లు స్తంభించిపోయాయి. యాపిల్ సంస్థ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సవరించింది. అది ఫాంటు రూపకర్తల పొరపాటు కాదు. అయినా ప్రతి వేదికపైనా తెలుగును విడిగా పరీక్షించవలసిన ఆవశ్యకతను ఆ ఘటన స్పష్టం చేసింది.

మరో సమస్య తెర రూపకల్పనకు సంబంధించినది. రోమన్ అక్షరాల ఎత్తుకు సరిపోయేలా గీసిన బటన్లలో తెలుగు పదాన్ని ఉంచితే అడుగున ఉన్న ఒత్తులు తెగిపోతాయి. మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో యాప్‌లు, వెబ్‌సైట్లు రూపొందించే బృందాలు వరుసల మధ్య దూరాన్ని తెలుగు పాఠంతోనే సరిచూసుకోవడం ఉత్తమం. ఫాంటులోని కొలతలు మారినప్పుడు ఈ పరిశీలనను మళ్లీ జరపవలసి ఉంటుంది.

ప్రమాణమూ ఎదుగుతున్నది

యూనికోడ్ ప్రమాణం స్థిరంగా నిలిచిపోయినది కాదు. ప్రాచీన శాసనాల్లో కనిపించే ౚ అక్షరం 2015లో, సిద్ధం గుర్తు 2019లో, నకార పొల్లు 2021లో తెలుగు విభాగంలో చేరాయి. అంతకు ముందు తయారై, ఆపై సవరణకు నోచుకోని ఫాంటులో ఈ గుర్తుల స్థానంలో ఖాళీ గడి మాత్రమే కనిపిస్తుంది. శాసనాలను, ప్రాచీన గ్రంథాలను డిజిటల్ రూపంలోకి తెచ్చే సంస్థలకు ఇది ప్రత్యక్ష అవరోధం. శ్రమకోర్చి రూపొందించిన ఫాంటు సైతం నిర్వహణ కొరవడితే క్రమేణా నిరుపయోగమవుతుంది.

నిర్వహణలో పాటించవలసిన అంశాలు

మొదటిది, మూల ప్రతి ఒకేచోట ఉండాలి. అక్షరాల రేఖలు, కూర్పు నియమాలు గల మూల ఫైళ్లను గిట్‌హబ్ వంటి బహిరంగ భాండాగారంలో ఉంచి, కంప్యూటర్లకు అవసరమైన టీటీఎఫ్ ఫైలును, వెబ్‌సైట్లకు అవసరమైన వోఫ్2 ఫైలును దాని నుంచే తయారు చేయాలి. ఒక్కొక్క ప్రాజెక్టు తన ప్రతిని తానే సవరించుకుంటూ పోతే కొంతకాలానికి ఒకే పేరుతో భిన్నమైన ఫాంట్లు చలామణిలోకి వస్తాయి.

రెండవది, ప్రతి విడుదలకు సంఖ్య ఉండాలి. ఏయే మార్పులు జరిగాయో నమోదు కావాలి. అప్పుడే లోపం ఏ విడుదలలో ప్రవేశించిందో తెలుసుకోవడం సాధ్యమవుతుంది.

మూడవది, పరీక్షకు స్థిరమైన పదాల జాబితా అవసరం. లక్ష్మి, స్వాతంత్ర్యం, రాష్ట్రం, విజ్ఞానం, సాఫ్ట్‌వేర్ వంటి పదాలను ప్రతి విడుదలకు ముందు విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్, యాపిల్ పరికరాలన్నింటిపైనా సరిచూడాలి. తెరపైనే గాక ముద్రణలోనూ, పీడీఎఫ్‌లోనూ పరిశీలించాలి.

నాలుగవది, వినియోగదారులు లోపాలను తెలియజేసే మార్గం, వాటిని సరిదిద్దే బాధ్యుడు ఉండాలి. రూపకర్త వేరొక పనికి మళ్లినప్పుడు ఆ బాధ్యతను మరొకరు స్వీకరించేందుకు స్వేచ్ఛా లైసెన్సు అవకాశం కల్పిస్తుంది. బాధ్యత తీసుకునే వ్యక్తిని మాత్రం లైసెన్సు సమకూర్చదు.

కార్యాలయాలకు, విలేకరులకు సూచనలు

ఉత్తర్వులు, ధ్రువపత్రాలు, ప్రకటనలు యూనికోడ్ లిపిలోనే తయారు కావాలి. వినియోగిస్తున్న ఫాంటు పేరు, విడుదల సంఖ్య కార్యాలయంలో నమోదై ఉండాలి. పీడీఎఫ్ ప్రతిలో ఫాంటును ఇమిడ్చి పంపాలి. ఒత్తులు చెదిరినట్లు గమనించిన విలేకరులు ఆ పదాన్ని, పరికరం వివరాలను జతచేసి నిర్వాహకులకు తెలియజేస్తే సవరణ సులభమవుతుంది.

ధ్రువపత్రంలో ఒక ఒత్తు జారితే పౌరుని పేరే మారిపోతుంది. ఆ పేరును సరిచేయించుకునేందుకు కార్యాలయాల చుట్టూ తిరిగేది కూడా ఆ పౌరుడే. ఉచితంగా లభిస్తున్న ఫాంటును వాడుకునే ప్రతి సంస్థ, దాని నిర్వహణలో కొంత భాగాన్ని స్వీకరించడం ఆ శ్రమను నివారించే మార్గం.