ముఖానికి పూసేదేమిటి? ఒంట్లోకి చేరేదేమిటి?

శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానిని శుభ్రంగా, ఆరోగ్యంగా ఉంచుకోవడం, హద్దులకు లోబడి అలంకరించుకోవడం ధర్మసమ్మతమే. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) సుగంధాన్ని ఇష్టపడేవారు, తలకు నూనె రాసుకునేవారు, కళ్ళకు సుర్మా పెట్టుకునేవారు. కనుక ఇంట్లో క్రీమో, పౌడరో, నూనెసీసానో ఉండటం ఆక్షేపణీయం కాదు. అయితే ఆ అమానతును కాపాడటానికని కొని తెచ్చిన వస్తువే దానికి హాని చేస్తుంటే ఏమనాలి?

ఈ విషయంలో మన సమాజంలో రెండు అతివాదాలు కనబడుతున్నాయి. ‘రసాయనం అన్నదల్లా విషమే’ అనేది ఒకటి. ‘అంగట్లో అమ్ముతున్నారంటే మంచిదే అయి ఉంటుంది’ అనేది రెండవది. రెండూ సరికావు. మనం తాగే నీరు కూడా రసాయనమే. ఏ పదార్థం, ఎంత మోతాదులో, ఎవరి ఒంటికి, ఎంతకాలం అన్నదే అసలు ప్రశ్న.

ఫిల్మ్‌నగర్ నీడలో

మేము విద్యాబోధన చేసే మదర్సాకు షేక్‌పేట, రహమత్‌నగర్, బోరబండ బస్తీల నుండి పిల్లలు వస్తారు. ఈ బస్తీలకు కూతవేటు దూరంలోనే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఉన్నాయి. తెలుగు చిత్రసీమ మద్రాసు నుండి హైదరాబాద్‌కు తరలివస్తున్న కాలంలో, 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ఏర్పడింది. ఆ తరువాత ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబర్ వెలిశాయి. కొండ మీద తారల భవనాలు, కింద కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ సహాయకులు, లైట్‌బాయ్‌ల అద్దె గదులు. దారి పొడవునా సినిమా పోస్టర్లు, నగల దుకాణాల హోర్డింగులు, చర్మ సౌందర్య క్లినిక్‌ల బోర్డులు. వాటన్నిటి మీదా కనిపించేది ఒకే రంగు ముఖం.

ఆ ముఖం నిజంగా ఎవరిదీ కాదు. మేకప్ పొరలు, దీపాల అమరిక, కెమెరా లెన్సు, ఆపై కంప్యూటర్‌లో చేసే రంగుల దిద్దుబాటు, ఇవన్నీ కలిస్తే పుట్టిన బొమ్మ అది. కృష్ణానగర్‌లో ఏ మేకప్ సహాయకుణ్ణి అడిగినా ఈ మాటే చెబుతాడు. కానీ అదే బస్తీలో పదిహేనేళ్ళ ఆడపిల్ల అద్దంలో తన ముఖాన్ని ఆ బొమ్మతో పోల్చుకుంటుంది. ఎన్నడూ లేని రంగు తనకు లేదని కుమిలిపోతుంది.

ఈ చిత్రసీమలోనే దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. 2017లో వచ్చిన ‘ఫిదా’తో తెలుగువారికి చేరువైన నటి సాయిపల్లవి, ఒక ఫెయిర్‌నెస్ క్రీమ్ ప్రకటనలో నటించేందుకు నిరాకరించారని 2019లో వార్తలు వచ్చాయి. ఇస్తామన్న పారితోషికం దాదాపు రెండు కోట్ల రూపాయలని పత్రికలు రాశాయి. తనకంటే తక్కువ రంగున్నానని బాధపడే చెల్లెలిని చూశాక ఆ ప్రకటనకు మనసు ఒప్పలేదనీ, మన రంగు భారతీయుల రంగేననీ ఆమె చెప్పారు. సినిమారంగం గురించి మనకు ఎన్ని అభ్యంతరాలున్నా, న్యాయమైన మాట ఎవరి నోట వచ్చినా న్యాయమైనదే.

పాదరసం చేసే పని

చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. అది తయారయ్యే ప్రక్రియను పాదరసం అడ్డుకుంటుంది. అందుకే కొన్ని తెల్లదనపు క్రీములలో పాదరసపు లవణాలు కలుపుతారు. వారం పది రోజులలోనే ముఖం తేటపడినట్లు కనిపిస్తుంది. ఆ వేగమే ప్రమాదసూచిక. చర్మం గుండా లోపలికి చేరిన పాదరసం ప్రధానంగా మూత్రపిండాలలో పేరుకుంటుంది. నరాలనూ దెబ్బతీస్తుంది. క్రీము పూసుకున్నవారితో అది ఆగదు. దిండు గలేబులకు, తువ్వాళ్ళకు అంటుకుంటుంది, ఆవిరిగా గాలిలో కలుస్తుంది. తల్లి పూసుకున్నది ఒళ్ళోని పసిబిడ్డకూ చేరుతుంది.

ఇది ఊహ కాదు. మన పొరుగున కేరళలోని మలప్పురం జిల్లాలో, ముస్లిం కుటుంబాలు అధికంగా నివసించే ఆ ప్రాంతంలో, కొట్టక్కల్ వైద్యులు ఒక వింతను గమనించారు. 2021 జూలై నుండి 2023 సెప్టెంబర్ వరకు మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే మూత్రపిండాల వ్యాధితో వచ్చిన 22 మందిని పరిశీలించగా, 15 మందిలో అరుదైన ఒకే రకం లక్షణం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లదనపు క్రీములు వాడినవారే. ఈ వివరాలు ‘కిడ్నీ ఇంటర్నేషనల్’ అనే వైద్య పత్రికలో వెలువడ్డాయి. ఊరట కలిగించే సంగతి ఏమిటంటే, క్రీము వాడటం మానగానే వారిలో చాలామంది కోలుకున్నారు.

మూత్రంలో నురగ, ముఖం లేదా పాదాల వాపు, చేతుల వణుకు, నిద్రలేమి కనిపిస్తే వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు ఆ క్రీము డబ్బాను కూడా వెంట తీసుకువెళ్ళండి. వ్యాధి కారణం ఆ డబ్బాలోనే ఉండవచ్చు.

చట్టం ఏమంటోంది?

మన దేశపు కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం సౌందర్య సాధనాలలో పాదరసం ఉద్దేశపూర్వకంగా కలపరాదు. అనుకోకుండా చేరినా పదిలక్షల భాగాలకు ఒక భాగాన్ని మించరాదు. కంటి చుట్టూ వాడే వాటికి మాత్రం 70 భాగాల వరకు సడలింపు ఉంది. పాదరసంపై మినమాటా అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశం 2018లో ఆమోదించింది. ఈ సాధనాలలో పాదరసం కలపడాన్ని 2025 నాటికి పూర్తిగా నిలిపివేయాలని 2023లో జెనీవాలో సభ్యదేశాలు నిర్ణయించాయి.

మరి విషపు క్రీము మన గల్లీకి ఎలా వస్తోంది? తయారీదారు పేరు, చిరునామా, దినుసుల జాబితా, లైసెన్సు నంబరు లేని డబ్బాల రూపంలో వస్తోంది. ‘విదేశీ సరుకు’ అన్న పేరుతో, బ్యూటీ పార్లర్‌లో కలిపి ఇచ్చే పేరులేని డబ్బీగా, ఆన్‌లైన్ అమ్మకాల ద్వారా వస్తోంది. బంగారు, వెండి నగలకు తగలనీయవద్దు అన్న హెచ్చరిక ఉందంటే అందులో పాదరసం ఉందని అనుమానించాలి. మెర్క్యురస్ క్లోరైడ్, కాలోమెల్, మెర్క్యురిక్ అయోడైడ్, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ అన్న పేర్లు కనిపిస్తే ఇక అనుమానమే అక్కరలేదు.

మందుల దుకాణంలో చవకగా దొరికే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లది మరో కథ. గజ్జికో, దద్దుర్లకో కొద్దిరోజులు వాడవలసిన మందును తెల్లబడటానికి నెలల తరబడి ముఖానికి రాస్తున్నారు. చర్మం పలుచబడుతుంది, ఎర్రబారుతుంది, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట రెట్టింపవుతుంది. అందుచేత విడిచిపెట్టలేక బానిసలవుతారు. 2018లో కేంద్రప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాని జాబితాలో చేర్చింది. చీటీ అడగని దుకాణదారు మనకు మేలు చేస్తున్నట్లు కాదు.

ఎండకు పూసే క్రీములు

సన్‌స్క్రీన్‌ను తెల్లదనపు క్రీముతో కలిపి చూడరాదు. ఎండలో పని చేసేవారికి అది నిజంగా ఉపయోగకరం. అయితే 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిశోధకులు 24 మందికి నాలుగు రకాల సన్‌స్క్రీన్‌లు పూసి పరీక్షించినప్పుడు, వాటిలోని ఆక్సీబెంజోన్ వంటి పదార్థాలు రక్తంలో కలుస్తున్నట్లు తేలింది. రక్తంలో కనిపించినంత మాత్రాన హాని జరిగినట్లు కాదనీ, వాడకం మానవద్దనీ, మరిన్ని పరీక్షలు కావాలనీ వారే స్పష్టం చేశారు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ అనే ఖనిజ పదార్థాలకు మాత్రం భద్రమైనవన్న గుర్తింపును ఆ సంస్థ ప్రతిపాదించింది. సందేహించే తల్లులు జింక్ ఆక్సైడ్ ఉన్నది ఎంచుకోవచ్చు. స్ప్రే కంటే క్రీము మేలు, ఎందుకంటే స్ప్రే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆరు నెలల లోపు శిశువులకు సాధారణంగా ఏదీ పూయవద్దనీ, నీడ, పలుచని నిండు దుస్తులే రక్షణ అనీ వైద్యులు చెబుతారు.

నిండు దుస్తులు, తలపాగా, ఓణీ మన పెద్దలు ఇచ్చిన సన్‌స్క్రీన్లే. కానీ ఎండ బొత్తిగా తగలని స్త్రీలలో విటమిన్ డి కొరత వచ్చే అవకాశం ఎక్కువ. కనుక ఇంటి ఆవరణలోనో, మేడ మీదనో కాస్త ఎండ తగిలేలా చూసుకోవాలి.

వుజూ గురించి కొందరు సోదరీమణులు అడుగుతుంటారు. నీరు చర్మానికి తగలకుండా అడ్డుపడే పొర ఏర్పడితే దానిని తొలగించి వుజూ చేయాలి. నూనె జిడ్డు వంటి మరక మాత్రమే మిగిలితే ఆటంకం లేదు. నీటికి చెదరని రకం సన్‌స్క్రీన్ వాడేవారు ముందు సబ్బుతో కడుక్కోవడం సందేహరహితమైన మార్గం.

సుర్మా, మెహందీ

ఇవి మన ఇళ్ళలో గౌరవంతో వాడే వస్తువులు. కనుకనే వీటిపట్ల మరింత జాగ్రత్త అవసరం. హదీసులలో ప్రస్తావించబడినది ఇస్మిద్. నేడు బజారులో సుర్మా పేరిట అమ్ముతున్న రాళ్ళలో, పొడులలో చాలావరకు సీసపు ఖనిజమని అనేక దేశాల ప్రయోగశాలలు తేల్చాయి. పిల్లవాడు కళ్ళు నులుముకుని వేళ్ళు నోట్లో పెట్టుకుంటే సీసం కడుపులోకి పోతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పేరు సున్నత్‌ది, పదార్థం సీసానిది అయితే సున్నత్ ఎలా అవుతుంది? దినుసులు తెలియని సుర్మాను పసిపిల్లల కళ్ళకు పెట్టకండి.

మెహందీ ఆకు రంగు ఎరుపు, నారింజ మధ్య ఉంటుంది. గంటలోపే నల్లగా పండే ‘బ్లాక్ మెహందీ’లో తలకు వేసే రంగులలోని పీపీడీ కలిసి ఉండవచ్చు. దానివల్ల చేతులపై బొబ్బలు, మచ్చలు ఏర్పడతాయి. ఒకసారి పడనివారికి జీవితాంతం పడకపోవచ్చు. పండుగకు ముందురోజు కోన్ కొనేకంటే ఆకు నూరుకోవడమే శ్రేష్ఠం.

అసలు రోగం

పెళ్ళి సంబంధాల విషయమై మా వద్దకు వచ్చే పెద్దలు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, ‘లడ్కీ గోరీ హైనా?’ ఈ మాట విని పెరిగిన పిల్ల క్రీము డబ్బా కొనకుండా ఉంటుందా? మనుషుల భాషలలోని, రంగులలోని వైవిధ్యం తన సూచనలలో ఒకటని అల్లాహ్ రూమ్ సూరాలో (30:22) తెలియజేశాడు. నల్లనివాడిపై తెల్లనివాడికి ఎలాంటి ఆధిక్యం లేదని దైవప్రవక్త (సఅసం) అంతిమ హజ్ సందర్భంగా ప్రకటించారు. కాబా కప్పుపై నిలిచి అజాన్ పలికిన హజ్రత్ బిలాల్ (రజి) గాథ మన పిల్లలందరికీ కంఠస్థం. కంఠస్థమైనది సంబంధం చూసే వేళ గుర్తుకు రాకపోవడమే మన దౌర్భాగ్యం. పాదరసాన్ని మన ఇంట్లోకి పిలుస్తున్నది ఆ ఒక్క ప్రశ్నే.

కనుక ఈ వారంలోనే ఇంటిల్లిపాదీ కూర్చుని డబ్బాలన్నీ బయటపెట్టండి. పేరు, చిరునామా, దినుసులు లేనివాటిని పక్కన పెట్టండి. అనుమానాస్పదమైనవాటిని మోరీలో పారబోయకుండా మూసి ఉంచి, వెంగళరావునగర్‌లోని రాష్ట్ర ఔషధ నియంత్రణ కార్యాలయానికి ఫిర్యాదు చేయండి. డాక్టరు రాయని ఆయింట్‌మెంట్‌ను ముఖానికి రాయకండి. ఇప్పటికే చాలాకాలంగా రాస్తున్నవారు ఒక్కసారిగా మానక, చర్మవైద్యుని సలహాతో తగ్గించుకోండి. ఇక అబ్బాయికి సంబంధం చూడబోయే తల్లులారా, తండ్రులారా! అమ్మాయి దీన్‌ను, నడవడికను, చదువును అడగండి. రంగును అడగకండి.