కంట్లో పెట్టిన నూనె – తీయించడం మరచిపోకండి

రెటీనా ఆపరేషన్ చేసిన డాక్టరుగారు "కంట్లో సిలికాన్ నూనె పెట్టాము, కొన్ని నెలల తర్వాత తీయాలి" అని చెప్పగానే ఇంటివాళ్ళకు భయం వేస్తుంది. కంట్లో నూనె ఏమిటి, దానివల్ల కన్ను పాడవదా అని అడుగుతారు. ఆ సందేహాలు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

నూనె ఎందుకు పెడతారు?

రెటీనా అంటే కంటి లోపల వెనుకగోడకు అంటుకొని ఉండే పలుచని పొర. చూపంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. షుగరు జబ్బు ముదిరినా, కంటికి గట్టి దెబ్బ తగిలినా అది ఊడిపోవచ్చు. మన ఎర్రగుంట్ల ప్రాంతంలో నాపరాయి పనిచేసేవారికి రాతి పెచ్చు ఎగిరి కంట్లో తగిలినా ఈ ప్రమాదం ఉంది.

ఆపరేషన్‌లో ఊడిన పొరను తిరిగి గోడకు చేర్చి, లేసరుతో అతికిస్తారు. అతుకు గట్టిపడేవరకు లోపలినుండి ఆనికగా నూనె నింపుతారు. 1962లో అమెరికాలో పాల్ సిబిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఈ పద్ధతిని వెల్లడించారు. ఈ నూనె స్లాబు కింద పెట్టే సెంట్రింగు లాంటిది. స్లాబు గట్టిపడేదాకా అది ఉండాలి, ఆ తర్వాత తీసేయాలి.

ఈ నూనె నీటికంటే తేలిక కనుక పైకి తేలుతుంది. బోర్లా పడుకుంటే పైకి తేలిన నూనె కంటి వెనుకభాగాన్ని నొక్కి పట్టుకుంటుంది. అందుకే కొందరిని కొన్నాళ్ళు బోర్లా పడుకోమంటారు. నూనె ఉన్నన్నాళ్ళు చూపు మసకగా ఉండడం, అద్దాల పవరు మారడం మామూలే.

ఎక్కువ కాలం ఉంటే ఏమవుతుంది?

నూనె దానంతటది కరిగిపోదు. కాలం గడిచేకొద్దీ చిన్న చిన్న బిందువులుగా విడిపోతుంది. దీనివల్ల:

• కంటిలోని లెన్సు మసకబారి శుక్లం వస్తుంది.
• బిందువులు కంటి నీరు బయటికి పోయే దారికి అడ్డుపడి, కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఇదే నీటికాసులు. దీనివల్ల నరం దెబ్బతిని పోయిన చూపు తిరిగి రాదు.
• నూనె ముందుకు వచ్చి నల్లగుడ్డు మీది పారదర్శక పొరను తాకితే ఆ పొర తెల్లబడుతుంది.

ఒత్తిడి నెమ్మదిగా పెరిగితే నొప్పి ఉండదు. "నాకేమీ బాధ లేదు, పంట కోతలయ్యాక పోదాంలే" అని పెద్దాయన అంటే, ఆ మాట నమ్మి ఊరుకోకండి. కన్ను లోపల్లోపలే దెబ్బతింటూ ఉండవచ్చు.

ఇంటివాళ్ళు ఏం చేయాలి?

1. నూనె తీసే తేదీని డిశ్చార్జి కాగితం మీద రాయించుకొని, ఇంట్లో క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. సాధారణంగా 3 నుండి 6 నెలల మధ్య తీస్తారు.
2. ఈలోగా రమ్మన్న ప్రతిసారీ వెళ్ళి కంటి ఒత్తిడి కొలిపించండి.
3. చుక్కల మందు చెప్పినన్నాళ్ళే వేయండి. స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా కొనసాగిస్తే ఒత్తిడి ఇంకా పెరగవచ్చు.
4. నొప్పి, ఎరుపు, తలనొప్పితో వాంతులు, ఉన్నట్టుండి చూపు తగ్గడం, నల్లగుడ్డు మీద తెలుపు కనిపిస్తే తేదీ కోసం ఆగకండి, వెంటనే తీసుకువెళ్ళండి.

నూనె తీశాక కొందరిలో రెటీనా మళ్ళీ ఊడవచ్చు. అందువల్ల కొన్ని కళ్ళలో నూనెను ఎక్కువ కాలం ఉంచవలసి వస్తుంది. ఆ నిర్ణయం డాక్టరుగారిదే. అలా ఉంచినవారు కూడా పరీక్షలు మానకూడదు.

నూనె ఉన్నవారు బస్సులో, రైలులో ప్రయాణించవచ్చు. కంట్లో నూనెకు బదులు గ్యాసు పెట్టినవారు మాత్రం అది పూర్తిగా పోయేవరకు విమానం ఎక్కకూడదు, ఎత్తైన కొండ ప్రాంతాలకు వెళ్ళకూడదు.

ఆపరేషన్‌తో సగం పనే అయింది. మిగతా సగం ఆ తేదీకి కంటిని డాక్టరుగారికి చూపించడం. ఆ రోజు తోడుగా ఒకరు తప్పక వెళ్ళండి.