నచ్చిన మాటనే ముందు పరీక్షించాలి!

పౌలు అంతటి మహా అపొస్తలుడు వచ్చి ప్రసంగిస్తే, ఆయన చెప్పింది నిజమో కాదో చూద్దామంటూ లేఖనాలు తెరిచి కూర్చున్న వారిని ఏమనాలి? ఈ రోజుల్లో అయితే ‘దైవసేవకుల మీద గౌరవం లేనివాళ్లు’ అంటాం. కానీ పరిశుద్ధ గ్రంథం మాత్రం వారిని ‘ఘనులు’ అని మెచ్చుకుంది. వారే బెరయ పట్టణస్థులు (అపొ.కా.17:11).

పౌలు బెరయకు సంతోషంగా వచ్చినవాడు కాదు, థెస్సలొనీక నుంచి ప్రాణాలు దక్కించుకొని రాత్రికి రాత్రి వచ్చినవాడు. అక్కడ ఆయన మూడు విశ్రాంతి దినాలు సమాజమందిరంలో బోధిస్తే చాలామంది నమ్మారు. అది చూసి అసూయపడిన కొందరు, సంతలో పనిలేక తిరిగేవాళ్లను పోగుచేసి ఊరంతా అల్లరి లేపారు. పౌలు, సీల దొరక్కపోవడంతో వారికి ఆతిథ్యమిచ్చిన యాసోనును అధికారుల ముందుకు ఈడ్చుకెళ్లారు. కైసరు చట్టాలను కాదని వీళ్లు యేసు అనే వేరొక రాజున్నాడంటున్నారని కేకలు వేశారు. ఆ ఆరోపణ పూర్తిగా అబద్ధమా అంటే కాదు. యేసు రాజని పౌలు బోధించిన మాట నిజమే. కానీ కైసరు మీద తిరగబడమని ఆయన ఎవరికీ చెప్పలేదు. సగం నిజానికి రాజకీయ భయాన్ని జోడిస్తే ఊరు అట్టుడికిపోయింది. ఆ గుంపులో ఒక్కరైనా ‘ఇంతకీ ఆయన ఏమన్నాడు?’ అని అడిగినట్టు ఆ అధ్యాయంలో కనిపించదు.

అదే పౌలు, అదే సువార్త! కానీ బెరయవారు వేరు. వారు ఆసక్తితో వాక్యాన్ని అంగీకరించారు, ఆపైన ఆ మాటలు అలాగున్నాయో లేదో ప్రతి రోజూ లేఖనాల్లో వెదికి చూశారు. ఇక్కడ ఒక విషయం మనం గమనించాలి. వారు తమకు నచ్చని మాటను పరీక్షించలేదు, నచ్చిన మాటనే పరీక్షించారు! ఎదుటి పార్టీవాడి మాటల్లో తప్పులు వెదకడం ఎవరైనా చేస్తారు. మన యువతరం రోజంతా ఫోన్లలో చేస్తున్నదీ అదే. దాన్ని వివేచన అనుకొని మనం మురిసిపోతున్నాం. సొంత పక్షం మాటను కూడా అదే తక్కెడలో తూచగలిగిన నాడే అది వివేచన, లేకపోతే అది పదునుపెట్టిన పక్షపాతం మాత్రమే.

ఈ పాఠం మేము ఆలస్యంగా నేర్చుకున్నాం. 2024 ఎన్నికల రోజుల్లో ఒక నాయకుడి వీడియో మాకు చేరింది. నిండా అర నిమిషం కూడా లేదు. చర్చిలకు తాళాలు వేయిస్తానని ఆయన అంటున్నట్టుంది. మాకు గుండె ఝల్లుమంది. ఆదివారం ఆరాధనలో ఆ మాట చెప్పి, సంఘమంతటి చేత కన్నీటి ప్రార్థన చేయించాం. ఆరాధన ముగిశాక డిగ్రీ చదివే ఒక కుర్రాడు దగ్గరికొచ్చి, ‘అయ్యగారూ, మీరు మొత్తం ప్రసంగం విన్నారా?’ అని మెల్లగా అడిగాడు. ‘ప్రార్థనకు కూడా రుజువులు కావాలా బాబూ? పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదు’ అన్నాం. అతను తలవంచుకొని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నిద్ర పట్టక మొత్తం ప్రసంగం వెదికి విన్నాం. తన మీద ప్రత్యర్థులు ఇలా ప్రచారం చేస్తున్నారని చెబుతూ, ఆయన దాన్ని ఖండిస్తున్నాడు! ముందు మాటా వెనక మాటా ఎవరో కత్తిరించేశారు. మా సంఘంలోనే ఆ పార్టీకి పనిచేసే కుటుంబం ఒకటుంది. ఆ ఆదివారం నుంచి వారు గుడికి రావడం మానేశారు.

మాట కత్తికన్నా లోతుగా దిగుతుందని మనకు తెలియంది కాదు. 2018లో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో పాకిన వదంతుల వల్ల మన తెలుగు నేల మీద కూడా అమాయకులు మూకల చేతుల్లో ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, డప్పు కళాకారుల చేత పాటలు పాడించి, చేతికొచ్చిన ప్రతి సందేశాన్నీ నమ్మవద్దని జనానికి నేర్పించారు. పోలీసులకు తోచిన ఆ పని ముందుగా మనకు తోచాల్సింది కాదా? పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న తొమ్మిదో ఆజ్ఞ మన ఆదివారపు బడిలో పసిపిల్లలకు కూడా కంఠస్థమే. నిజమో కాదో చూడకుండా పదిమందికి పంపే సందేశం కూడా సాక్ష్యమేనని మాత్రం మనం వారికి చెప్పలేదు.

మరుసటి ఆదివారం అదే వేదిక మీద సంఘాన్ని క్షమాపణ అడిగాం. ఆ కుర్రాణ్ణి పిలిచి, యవ్వనస్థుల కూడికలో అరగంట అతనికిచ్చాం. ఇప్పుడు అక్కడ ప్రతి వారం ఒకరు తమకు బాగా నచ్చిన సందేశం ఒకటి తెస్తారు. ఈ మాట ఎవరన్నారు, ముందూ వెనకా ఏముంది, ఎదుటివారి జవాబేమిటి, ఇది అబద్ధమైతే నష్టపోయేదెవరు అని అందరూ కలిసి చూస్తారు. ఎదుటి పక్షం వాదాన్ని, ఆ పక్షంవారు విని ‘అవును, మేమనేది ఇదే’ అని ఒప్పుకునేలా చెప్పగలగాలన్నది అక్కడి నియమం. ఏ పార్టీ మంచిదో మేము చెప్పం. మా ప్రసంగాలను కూడా అలాగే పరీక్షించమన్నాం. ఒకటి రెండుసార్లు మా తప్పులూ పట్టుకున్నారు!

ప్రశ్నించడం నేర్పితే పిల్లలు విశ్వాసం పోగొట్టుకుంటారేమోనని కొందరు పెద్దలు భయపడ్డారు. ఆ భయం మాకూ లేకపోలేదు. కానీ బెరయవారు పరీక్షించిన తర్వాత ఏమైందో పన్నెండో వచనం చెబుతుంది. అందుచేతనే వారిలో అనేకులు విశ్వసించారు. పరీక్షకు నిలవనిది వదంతి మాత్రమే, సత్యానికి పరీక్షంటే భయమెందుకు? అల్లరిమూకలు తనను తరిమేసిన థెస్సలొనీకలోని సంఘానికే పౌలు తర్వాత లేఖ రాస్తూ, సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమన్నాడు (1 థెస్స.5:21). వదంతి చేసిన గాయం ఎలాంటిదో వారికన్నా ఎక్కువగా ఎవరికి తెలుసు?

మేము ఆ ఇంటికి రెండుసార్లు వెళ్లాం. కాఫీ ఇచ్చారు, ప్రార్థన చేయించుకున్నారు, కానీ ఇంకా గుడికి రాలేదు. వారి స్థలం ఖాళీగా కనిపించిన ప్రతి ఆదివారం, ‘మీరు మొత్తం విన్నారా?’ అన్న ఆ కుర్రాడి ప్రశ్న మాకు గుర్తొస్తుంది. అలా అడిగే బిడ్డ మీ సంఘంలోనూ ఉంటాడు. దయచేసి అతని నోరు మూయించకండి.