ఒక మాత్ర వెనుక

హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు రహదారిపై దక్షిణముగా ప్రయాణము చేయువారికి శంషాబాదు తగులును. 2008 మార్చిలో అచట విమానాశ్రయము వెలసిన నాటినుండి ఆ ఊరి పేరు దేశదేశముల వారికి పరిచితమైనది. అదే బాటపై మరికొంత దూరము పోయినచో కొత్తూరు వచ్చును. అచట నాట్కో అను ఔషధ సంస్థకు ఒక కర్మాగారము కలదు. 1981లో హైదరాబాదున స్థాపింపబడిన ఆ సంస్థ 2003లో ఒక మందును విపణిలోనికి తెచ్చెను. ఆ మందు పేరు ఇమాటినిబ్. అది ఒక విధమైన రక్త క్యాన్సరునకు ఇచ్చు మాత్ర. అరచేతిలో ఇమిడిపోవు ఈ మాత్రను గూర్చి సంవత్సరముల తరబడి వ్యాజ్యము నడచి, సుప్రీంకోర్టు వరకు పోయినది.

మన ఎముకలలోని మూలుగ రక్తకణములకు పుట్టినిల్లు. అచట తెల్ల రక్తకణములు అదుపు తప్పి పుట్టుచుండుటయే ల్యుకేమియా. అందు పలు రకములు కలవు. వానిలో నెమ్మదిగా ముదురునది ఒకటి. పూర్వము అది సోకిన వారిలో చాలమంది కొద్ది సంవత్సరములకే మరణించెడివారు.

ఈ వ్యాధికి మూలమేమో తెలియుటకు ఒక పొరపాటు తోడ్పడినది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున పీటర్ నోవెల్ అను వైద్యుడు గాజు పలకపైనున్న రోగి కణములను మామూలు కుళాయి నీటితో కడిగెను. ఉప్పులేని నీరు లోనికి చొచ్చుటచే కణములు ఉబ్బి, వానిలోని క్రోమోజోములు విడివిడిగా పరచుకొనినవి. సూక్ష్మదర్శినిలో అంత స్పష్టముగా అవి కనబడుట ఆయనకే వింతయైనది. 1960లో ఆయనయు, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అను సహచరుడును ఈ రోగుల కణములలో ఒక క్రోమోజోము మిక్కిలి పొట్టిగా ఉన్నదని ప్రకటించిరి. తెగిన ముక్క ఎచటికి పోయినది? దీనికి సమాధానము 1973లో చికాగోలో జానెట్ రౌలీ అను విదుషీమణి చెప్పెను. ఆమె క్రోమోజోముల ఛాయాచిత్రములను కత్తిరించి, ఇంటిలో భోజనపు బల్లపై పేర్చి పోల్చి చూచెడిది. అమ్మ కాగితపు బొమ్మలతో ఆడుకొనుచున్నదని పిల్లలు పరిహసించెడివారట! ఆ ఆటలోనే, తొమ్మిదవ క్రోమోజోమును ఇరువది రెండవ క్రోమోజోమును తమ కొనలను ఇచ్చిపుచ్చుకొనినవని తేలినది.

ఆ అతుకువద్ద ఒక వికృతమైన ఎంజైము తయారగును. మీట ఇరుక్కొనిన నీటి యంత్రము ఆగకుండ నీరు తోడునట్లు, ఈ ఎంజైము కణమునకు పెరుగుమని ఎడతెగక ఆజ్ఞలిచ్చుచుండును. అది పని చేయవలెనన్నచో దానికి ఇంధనము కావలెను. ఆ ఇంధనము ఏ.టి.పి. అను పదార్థము.

ఇచట ఒక తెలుగువాని పేరు చెప్పక తప్పదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, 1922లో అమెరికాకు పోయెను. బోస్టన్ నగరమున ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసి పొట్టపోసికొనుచు చదువు సాగించెను. 1929లో హార్వర్డు విశ్వవిద్యాలయమున తన గురువైన సైరస్ ఫిస్కేతో కలిసి కండరముల నుండి ఏ.టి.పి.ని వేరు చేసినది ఆయనయే. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొనెను. తరువాత లెడర్లీ ఔషధశాలలో సుబ్బారావు నేతృత్వమున తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా సోకిన పసిపిల్లలకిచ్చెను. కొందరిలో వ్యాధి కొంతకాలము వెనుకంజ వేసినట్లు 1948లో వెల్లడియైనది. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేటు నేటికిని వైద్యుల చేతిలో నున్నది.

ఇమాటినిబ్ చేయు పని ఏమన, ఆ వికృత ఎంజైములో ఏ.టి.పి. కూర్చుండవలసిన చోటున తాను పోయి కూర్చుండును. ఇంధనము అందక ఎంజైము చల్లబడును. స్విట్జర్లాండులోని ఒక సంస్థ, నేటి నోవార్టిస్, దీనిని రూపొందించెను. 1998లో బ్రయాన్ డ్రూకర్ అను వైద్యుడు అమెరికాలో రోగులకిచ్చి పరీక్షింపసాగెను. తగిన మోతాదు అందిన 54 మందిలో 53 మందికి రక్తకణముల సంఖ్య మామూలు స్థితికి వచ్చినది. 2001 మే నెలలో అమెరికా ప్రభుత్వము ఆ మందును ఆమోదించెను.

అయితే ఈ మాత్రను ప్రతిదినము, సంవత్సరముల తరబడి మ్రింగవలెను. వ్యాజ్యము నడచిన కాలమున మన దేశములో నోవార్టిస్ మాత్రల వెల నెలకు సుమారు 1,20,000 రూపాయలుగా ఉండెను. అనగా దినమునకు 4,000. ఇచటి సంస్థలు చేసిన మాత్రలు నెలకు 8,000 నుండి 10,000 రూపాయలకు లభించినవి. క్రొత్త మందునకు ఎంతో ధనము వ్యయమగుననియు, అది తిరిగి రానిచో పరిశోధనకు పెట్టుబడి పెట్టువారుండరనియు కంపెనీ వాదన. రోగులలో అత్యధికులకు తాము ఉచితముగనే ఇచ్చుచున్నామనియు అది చెప్పెను. ఆ వాదనను తేలికగా త్రోసివేయరాదు. కాని దానమును నమ్ముకొని జీవితాంతము మందు వాడుట వేరు, అంగడిలో కొనగలుగుట వేరు.

మన దేశమున 1970 నాటి చట్టము ప్రకారము మందును తయారుచేయు పద్ధతికే గాని మందునకు పేటెంటు లేకుండెను. 2005 నుండి మందులకును పేటెంటు ఇయ్యవచ్చునని చట్టము మారినది. నోవార్టిస్ కోరినది ఇమాటినిబ్ యొక్క ఒక స్ఫటిక రూపమునకు. ఇటుకలు ఒకటే యైనను పేర్పు వేరైనచో గోడ వేరగునుగదా! పెన్సిలులోని గ్రాఫైటును వజ్రమును రెండును కర్బనమే. అణువుల పేర్పులోనే భేదము. కంటికి కనబడని ఈ పేర్పును ఎక్స్ కిరణములు పట్టియిచ్చును. స్ఫటికముపై పడిన కిరణములు ఏయే కోణములలో చెదరునో చూచి, లోపలి అమరికను భౌతిక శాస్త్రజ్ఞులు లెక్కకట్టుదురు. 1912లో జర్మనీలో లావే, పిదప ఇంగ్లండులో తండ్రీ కొడుకులైన బ్రాగ్‌లు చూపిన మార్గమిది. క్రొత్త స్ఫటికము తేమను తక్కువగా పీల్చుననియు, పొడి సాఫీగా జారుననియు, వేడికి ఎక్కువ తాళుననియు కంపెనీ చూపెను.

కాని చట్టములోని ఒక నియమమున్నది. తెలిసిన పదార్థమునకు క్రొత్త రూపము కల్పించినంత మాత్రమున పేటెంటు రాదు. దాని సామర్థ్యము హెచ్చవలెను. సామర్థ్యమనగా నేమి? వ్యాజ్యమంతయు ఈ ఒక్క మాటపై నిలిచెను. న్యాయమూర్తులు నిఘంటువును తెరచిరి. ఉద్దేశించిన ఫలితమును కలిగించు శక్తియే సామర్థ్యమని అందున్నది. మందునకు ఉద్దేశించిన ఫలితము రోగము కుదురుటయే కదా! మన తెలుగులో గుణము అను మాటకు కూడ ఇట్టి రెండర్థములు గలవు. తేమ పీల్చకుండుట పొడి గుణము. జ్వరము తగ్గినప్పుడు 'మందు గుణమిచ్చినది' అనుట వేరొక గుణము. కోర్టు రెండవ దానినే గ్రహించెను.

క్రొత్త రూపము శరీరమునకు 30 శాతము ఎక్కువగా అందునన్న వాదము కూడ వచ్చినది. దానివలన రోగికి చికిత్సాఫలము హెచ్చినదని నిరూపణ లేదని న్యాయమూర్తులు అఫ్తాబ్ ఆలం, రంజనా ప్రకాశ్ దేశాయి తేల్చి, 2013 ఏప్రిల్ 1వ తేదీన కంపెనీ అప్పీలును కొట్టివేసిరి. పాత మందును మెరుగుపరచు ప్రతి ప్రయత్నమునకును ఈ తీర్పు తలుపు మూయలేదు. క్రొత్త రూపము రోగికి మరింత మేలు చేయునని ఎవరైన ప్రయోగములచే చూపగలిగినచో, వారికి పేటెంటు లభింపవచ్చును.