భూగర్భజలమునకు లెక్కల నమూనా: గ్రామము అందింపవలసిన కొలతలు

చెరువులో నీరెంత యున్నదో కట్టమీద నిలిచి చూచినవారికెల్ల తెలియును. ఏ కారునకు ఎన్ని ఎకరములు పారునో నీరటి చెప్పగలడు. కాని భూమి లోపలి నీరు కంటికి కనబడదు. బోరు ఎండిన దినముననే దాని కొరత బయటపడును. అప్పటికి రైతు అప్పు చేసి మరియొక బోరు వేయించుటయు, అదియు ఎండుటయు పెక్కు గ్రామములలో జరుగుచున్నది. ఈ కనబడని నీటిని లెక్కలో చూపుటకు శాస్త్రజ్ఞులు ఏర్పరచిన సాధనమే భూగర్భజల నమూనా. దీనిని కంప్యూటరులో ఎట్లు అమర్చుదురో, దానికి గ్రామము ఏమి అందింపవలెనో పంచాయతీ సభ్యుల యెరుకకై ఇచట వివరింపనెంచితిమి.

నమూనా యనగానేమి?

ఒక ప్రాంతపు పటమును చదరపు గడులుగా విభజింతురు. ప్రతి గడికిని నేల ఎత్తు, రాతి స్వభావము, వాన వలన ఇంకు నీరు, బోరులు తోడు నీరు వ్రాయుదురు. ఒక గడిలో మట్టము ఎక్కువగాను, ప్రక్క గడిలో తక్కువగాను ఉన్నచో నీరు పల్లపు మట్టమువైపు సాగును. వచ్చిన నీటినుండి పోయిన నీటిని తీసివేయగా మిగిలినదే నిలువ. ఇది ఇంటి జమాఖర్చుల లెక్క వంటిదే. గడులు వేలకొలది యుండుటచేత ఈ లెక్కను చేతితో చేయుట అసాధ్యము గనుక కంప్యూటరు చేయును.

మన రాష్ట్రమునకు ఈ విద్య క్రొత్తది కాదు. హైదరాబాదు నగరమున ఉప్పల్ మార్గములో 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. ఈ సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరువు పారిశ్రామికవాడనుండి కలుషిత పదార్థములు భూగర్భజలములో ఎట్లు వ్యాపించునో నమూనా ద్వారా లెక్కించి 2001లో ప్రకటించిరి. ఫ్రాన్సు దేశముతో కలిసి 1999లో ఇచటనే భూగర్భజల పరిశోధన కేంద్రమును నెలకొల్పిరి.

కంప్యూటరులో అమర్చు విధము

ఇట్టి లెక్కలకు లోకమంతట హెచ్చుగా వాడబడు ప్రోగ్రాము మాడ్‌ఫ్లో. అమెరికా ప్రభుత్వపు భూవిజ్ఞాన సర్వే సంస్థ దీనిని 1984లో వెలువరించినది. ఆరవ కూర్పు 2017లో వచ్చినది. దీనికి వెల లేదు. ఆ సంస్థ వెబ్‌సైటునుండి ఎవరైనను డౌన్‌లోడ్ చేసికొనవచ్చును. కావున ప్రోగ్రాము కొనుటకే పెద్ద మొత్తము కావలెనని ఎవరైన చెప్పినచో, అది ఏ ప్రోగ్రామో, ఉచితమైనది ఏల పనికిరాదో పంచాయతీ అడిగి తెలిసికొనవలెను.

ప్రోగ్రాము జిప్ ఫైలుగా వచ్చును. కంప్యూటరులో చిన్న పేరుగల ఫోల్డరు నొకదానిని ఏర్పరచి, అందు ఆ ఫైలును విప్పవలెను. ఫోల్డరు పేరులో ఖాళీలు లేకుండుట మేలు. విప్పిన పిమ్మట కనబడు ఎంఎఫ్6 అను ఫైలే అసలు ప్రోగ్రాము. దానిపై నొక్కినచో నల్లని కిటికీ తెరచుకొని వెంటనే మూసికొనును. ప్రోగ్రాము చెడినదని దీనిచే భావింపరాదు. అంకెల ఫైళ్లను చదివి లెక్క కట్టుటయే గాని పటము చూపుట దాని పని కాదు.

పటము గీయుటకును, గడులలో అంకెలు నింపుటకును అదే సంస్థ మోడల్‌మ్యూజ్ అను వేరొక ప్రోగ్రామును ఉచితముగా ఇచ్చుచున్నది. దానిని స్థాపించి, ఎంఎఫ్6 ఎచట నున్నదో దానికి తెలుపవలెను. తరువాత ఆ సంస్థయే ఇచ్చు మాదిరి లెక్కలలో ఒకదానిని నడిపి చూడవలెను. లెక్క సక్రమముగా ముగిసినదను వాక్యము చివర కనబడినచో అమరిక సరిగా నున్నట్లే. సొంత అంకెలు నింపుటకు ముందు ఈ పరీక్షను విడువరాదు.

ఇచట రెండు జాగ్రత్తలు వలయును. మొదటిది, కొలమానములన్నియు ఒక్క తీరున నుండవలెను. పొడవునకు మీటరు, కాలమునకు దినము వాడినచో రైతు చెప్పిన నిమిషమునకు ఇన్ని లీటరులను దినమునకు ఇన్ని ఘనపు మీటరులుగా మార్చవలెను. రెండవది, బోరు తోడు నీటిని ఋణ సంఖ్యగా వ్రాయవలెను. ఆ గుర్తు మరచినచో నమూనాలోని బోరులు నీరు తోడుటకు మారుగా భూమిలోనికి నీరు పోయుచుండును. పటములో మాత్రము మట్టములు చక్కగా పెరిగినట్లు కనబడును.

ఉప్పల్, నాచారములను నమూనాలో చూపుట

ప్రోగ్రాము అమర్చుట ఒక పూట పని. ప్రాంతమును తెలిసికొనుట కష్టతరమైనది. ఉదాహరణకు ఆ పరిశోధన సంస్థకు ఇరుగుపొరుగైన ఉప్పల్, నాచారములనే గైకొందము. ఒకప్పుడు గ్రామములైన ఈ ప్రాంతములు 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు అందులో చేరినవి. దక్షిణమున మూసీనది యున్నది గనుక ఆ దిక్కున నమూనాకు అది హద్దు కాగలదు. నాచారము పెద్దచెరువు, ఉప్పల్ నల్లచెరువు వంటి చెరువులున్న గడులను వేరుగా గుర్తింపవలెను. ఇండ్లు, రోడ్లు పరచుకొన్నచోట వాననీరు ఇంకుట తక్కువ. కాని నీటి గొట్టములు కారి కొంత నీరు భూమిలో చేరును. పొలములకు వాడిన అంకెలను ఇచట వ్రాసినచో లెక్క తప్పును. కర్మాగారముల బోరులు ఎంత తోడుచున్నవో వేరుగా విచారింపవలెను.

లోపలి రాయి మాత్రము హైదరాబాదు చుట్టుప్రక్కల గ్రామములకును ఈ ప్రాంతమునకును ఒకటే, గ్రానైటు. పైన శిథిలమైన మెత్తని పొర, దానిక్రింద పగుళ్లుగల రాయి, అంతకు క్రింద గట్టి బండ ఉండును. నీరు పైరెండు పొరలలోనే హెచ్చుగా నిలుచును. బోరును ఎంతో లోతునకు దింపినంతమాత్రమున నీరు పెరుగదనుటకు కారణమిదియే.

రాతినేలలో నీరెంత?

హైదరాబాదునకు దక్షిణమున సుమారు 53 చదరపు కిలోమీటర్ల మహేశ్వరము పరీవాహక ప్రాంతమున పైజెప్పిన ఫ్రాన్సు-భారత కేంద్రము వారు పెక్కు సంవత్సరములు కొలతలు తీసికొనిరి. ఆ రాతిలో నీటిమట్టము 1 మీటరు తగ్గినచో లభించు నీరు సుమారు 14 మిల్లీమీటర్లు మాత్రమేయని 2006లో తెలిపిరి.

దీనిని ఎకరమునకు లెక్కింతము. ఎకరము 4,047 చదరపు మీటర్లు. మట్టము 1 మీటరు దిగినచో వచ్చునది దాదాపు 57 ఘనపు మీటర్లు, అనగా 57,000 లీటర్లు. నిమిషమునకు 100 లీటర్లు పోయు బోరు దినమునకు 7 గంటలు నడచినచో 42,000 లీటర్లు తోడును. ఒకటిన్నర దినములైనను కాకమునుపే ఎకరము క్రింది ఒక మీటరు నీరు ముగియునన్నమాట. వరిమడిలో పెట్టిన నీటిలో కొంత తిరిగి ఇంకును. ఆ భాగమును గూడ నమూనా జమ కట్టవలెను. అయినను వానాకాలమున ఇంకినదానికంటె ఎక్కువ తోడినచో లోటు పూడదు. పొరుగువాని బోరు ఎండుటకు మన బోరు కారణము కావచ్చుననుటకు ఈ లెక్కయే ఆధారము.

గ్రామము అందింపవలసిన కొలతలు

లెక్కకట్టిన మట్టమును బావిలోని నిజమైన మట్టముతో సరిచూడనిచో నమూనా నమ్మదగినది కాదు. ఆ కొలతలు గ్రామమునుండియే రావలెను. ఇవి వ్యయముతో కూడినవి కావు.

1. నాలుగైదు బావులను ఎన్నుకొని, ఒరపై రంగుతో గుర్తు పెట్టి, ఎల్లప్పుడును ఆ గుర్తునుండియే టేపుతో నీటిమట్టము కొలువవలెను. నెలకొకసారి మేలు, కనీసము వానలకు ముందు మేలోను, వానల తరువాత నవంబరులోను తప్పరాదు. మోటారు నడచుచుండగా కొలువరాదు.

2. వానమాపకము నొకటి ఉంచి, ప్రతి ఉదయము ఒకే వేళకు వ్రాయవలెను.

3. గ్రామములోని బోరులు ఎన్ని, ఎండినవి ఎన్ని, నడచుచున్నవి దినమునకు ఎన్ని గంటలు నడచునో పట్టిక వేయవలెను. డ్రమ్ము నిండుటకు పట్టు కాలమును గడియారముతో చూచినచో బోరు పోయు నీరు తెలియును.

4. ఏ పంట ఎన్ని ఎకరములో కారుకారునకు వ్రాయవలెను.

ఇది రైతులకు సాధ్యమాయని సందేహింప నక్కరలేదు. 2003లో మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన పథకములో అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశము జిల్లాల రైతులు స్త్రీపురుష భేదము లేక మట్టములను, వానను తామే కొలిచిరి. రబీకి ముందు గ్రామమున కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత యని లెక్క చూచుకొనిరి. వారికి కంప్యూటరు ముఖ్యము కాలేదు. గోడమీద వ్రాసిన అంకెలు చాలినవి.

అడుగవలసిన ప్రశ్నలు

రంగురంగుల పటముతో ఎవరైన పంచాయతీకి వచ్చి, ఇచట ఇంకుడు చెరువు త్రవ్వవలెననియో, అచట బోరు వేయవలెననియో చెప్పినప్పుడు సభ్యులు మూడు ప్రశ్నలు వేయవలెను. మా గ్రామపు ఏ బావులతో ఈ లెక్కను సరిచూచితిరి? లెక్కకును బావికిని తేడా ఎన్ని మీటరులు? జమకును ఖర్చునకును తేడా నూటికి ఎంత? ఈ కడపటి అంకెను ప్రోగ్రామే తన ఫలితముల ఫైలులో వ్రాయును. అది నూటికి ఒకటికి లోబడి యుండుట వాడుక. వీనికి జవాబు లేనిచో ఆ పటమును నమ్మి గ్రామనిధులు వెచ్చింపరాదు.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము క్రొత్త బావికి అనుమతి వలయును. ఆ అనుమతి విషయమై గ్రామసభలో మాటాడునప్పుడు బావి కొలతల పుస్తకము ఎదుట నున్నచో వాదములు తగ్గును. ఎవరి పక్షమో యను అనుమానమునకు తావుండదు. ఈ సంవత్సరము వానలకు ముందే ప్రతి పంచాయతీయు అట్టి పుస్తక మొకదానిని తెరచి, మొదటి కొలతను వ్రాయించునని ఆశించుచున్నాము.